మా బావగారు ఊదని విజిల్

ఈ దేశంలో కాఫీ కప్పుకి మూత కనిపెట్టినవాడెవడో గానీ వాడికి మీసం ఉండి ఉండదు. మూతకి చిన్న బొక్క పెట్టాడు. దానికి నోరు ఆనించి పీల్చాలట. పీలిస్తే నాలుక కాలుతుంది, పీల్చకపోతే చొక్కా తడుస్తుంది. పోనీ మూత తీసి పారేద్దామంటే అది ఊడి రాదు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి కింద కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి నేను ఆ మూతతో కుస్తీ పడుతున్నాను. అప్పుడే మా అల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఎక్కడున్నారు?"

"కిందే ఉన్నా. ఈ దిక్కుమాలిన మూత..."

"నాన్న పోయారు మావయ్యా."

మూత అప్పుడు ఊడింది. కాఫీ అంతా నా బూట్ల మీద పడింది. కాళ్లు కాలాయో లేదో గుర్తు లేదు. కోపం ఒక్కటే గుర్తుంది. పదకొండు రోజులు మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి. కాఫీకని పది నిమిషాలు కిందికి దిగితే, సరిగ్గా అప్పుడే వెళ్లిపోయారు. ఒక్క మాట చెప్పి వెళ్లొచ్చు కదా? నేను ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. అది వినడం ఇష్టం లేకే నన్ను కాఫీకి పంపారని నా అనుమానం.

పోయింది మా వియ్యంకుడు. మా అమ్మాయిని ఆయన కొడుక్కి ఇచ్చాను. నేను ఆయన్ని బావగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బావగారూ అనేవారు. ఆయన ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నేను ఏడో తరగతి తప్పి సైకిల్ షాపు పెట్టుకున్నవాణ్ణి. ఇద్దరికీ ఇల్లాళ్లు లేరు. అందుకని పిల్లలు మా ఇద్దర్నీ ఈ దేశం తెచ్చి మిల్టన్‌లో టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో ఒకే గదిలో పడేశారు. కిటికీ పక్క మంచం పెళ్లికొడుకు తండ్రికి, ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్ పక్క మంచం పెళ్లికూతురి తండ్రికి. సముద్రాలు దాటొచ్చినా మగపెళ్లివారి మర్యాద మగపెళ్లివారిదే.

ఇక్కడి తెలుగు సంఘం పత్రికకి ఆయన గురించి రాయమని ప్రెసిడెంటు గారే అడిగారు. "రెండు మంచి ముక్కలు రాసివ్వండి అంకుల్, చాలు," అన్నారు. రాస్తున్నాను. అవి మంచి ముక్కలో కావో అచ్చేశాక ఆయనే చూసుకుంటారు.

మొన్న సంతాప సభలో ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ఏం మాట్లాడారు! మా బావగారు శాంతమూర్తి అట. మృదుభాషి అట. ఆయన మృదుభాషి అయితే నేను జిల్లా కలెక్టర్ని. పక్క గదిలో చెప్పులు వంకరగా విడిచినా ఆయన గొంతు పై అంతస్తు దాకా వెళ్లేది. అయినా అబద్ధాలు చెప్పినందుకు కాదు నా కోపం. చచ్చినవాళ్ల గురించి అందరూ చెబుతారు, నా గురించి కూడా చెబుతారు, నేను వినను కాబట్టి ఫర్వాలేదు. నా కోపం వేరే. మైకు పట్టుకున్న ఈ పెద్దలే పోయిన వేసవిలో వాట్సాప్ గ్రూపులో ఏం రాశారో నాకు గుర్తుంది. నాకు చదవడం నిదానం. చదివింది మర్చిపోవడం ఇంకా నిదానం. "ఒక పెద్దాయన ఎరీనాలో ఆట మధ్యలో విజిల్ ఊది, మన ఊరి జట్టుని ఓడగొట్టి, తెలుగువాళ్ల పరువు తీశారు." అవునా కాదా? కింద పదిహేను మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ విజిల్ మా బావగారు ఊదలేదు. ఇది చెప్పడానికే కాగితం తీసుకున్నాను. ఊదలేదని నాకెలా తెలుసో కూడా చెబుతాను. ముందు ఆయన ఎలాంటివారో వినండి.

పొద్దున అయిదున్నరకి లేచేవారు. దుప్పటి మడత పెడితే నాలుగు మూలలూ కత్తితో కోసినట్టు ఉండేవి. తర్వాత నా దుప్పటి వైపు చూసేవారు. ఆ చూపు భరించలేక మూడేళ్లలో నేనూ దుప్పటి మడవడం నేర్చుకున్నాను. మా ఆవిడ నలభై ఏళ్లు పోరినా నేర్చుకోనిది. మెడలో నల్ల తాడుకి స్టీలు విజిల్ ఒకటి ఎప్పుడూ ఉండేది. చొక్కా లోపల. స్నానానికి వెళ్లినా తీసేవారు కాదు.

"ఏంటి బావగారూ, పుస్తెలతాడా?" అనేవాణ్ణి.

"ఉద్యోగం బావగారూ."

"రిటైరై పన్నెండేళ్లయింది. ఇంకా ఉద్యోగం ఏంటి?"

"మీ సైకిల్ షాపు అమ్మేశారు కదా. చేతుల గ్రీజు వాసన పోయిందా?"

నిజమే, పోలేదు. నేను వెంటనే మాట మార్చేశాను.

ఒక్కసారి ఊదమని ఎన్ని సార్లు బతిమాలానో. ఒక్కసారి, బాత్రూంలో తలుపేసుకుని అయినా సరే. ఊదేవారు కాదు. "విజిల్ మోగితే ఆట ఆగాలి. ఆట ఆపే అధికారం లేనివాడు ఊదకూడదు. రిటైరైన రోజు లాంగ్ బెల్ తర్వాత ఆఖరిసారి ఊదాను. ఇంక నా ప్రాణం పోయినా ఊదను." ఇలా ఒట్టు పెట్టుకున్నట్టు మాట్లాడేవాళ్లని చూస్తే నా చేతులు ఊరుకోవు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంక ఆ సీజన్ సంగతి.

మిల్టన్‌లో ప్రతి బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్లు దిగిన రోజులవి. బస్టాపులో పదిమంది నిలబడితే ఎనిమిదిమంది బ్యాక్‌ప్యాకులే. రేడియో పెడితే స్టూడెంట్లు ఎక్కువైపోయారు, టీవీ పెడితే స్టూడెంట్లు ఎక్కువైపోయారు. పక్కింటి బేస్‌మెంట్‌లో అయిదుగురు ఆడపిల్లలు ఉండేవాళ్లు. అందులో ఒకమ్మాయిది వరంగల్. పొద్దున కాలేజీ, శనాదివారాలు ఎరీనాలో పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర పని. ఎరీనా అంటే ఆటలు జరిగే పెద్ద హాలు, ఇక్కడికి బస్సులో నలభై నిమిషాలు. ఆ వేసవే మన వైపు ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు కొత్తగా వచ్చింది. దేశమంతా ఆడే లీగు. ఊరూరూ తిరుగుతారు, జీతాలకి ఆడతారు. కానీ చూసేవాడు లేడు. కుర్చీలు ఖాళీ. అందుకని కాలేజీల్లో స్టూడెంట్లకి ఊరికే టికెట్లు పంచారు. ఆ అమ్మాయి మా ఇద్దరికీ రెండు తెచ్చిచ్చింది.

"సార్, మీరు డ్రిల్లు సార్ అంట గద. రండ్రి. తాతా, నువ్వు గూడ రా, పాప్‌కార్న్ ఫ్రీగ ఇప్పిస్త."

నేను పాప్‌కార్న్ కోసం వెళ్లాను. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వేసుకుని, తెల్ల కాన్వాసు బూట్లకి తెల్ల పాలిష్ పెట్టుకుని వెళ్లారు.

మొదటి ఆటలోనే గొడవ. మన పిల్లలు ముప్పైమంది ఒక వరసలో కూర్చుని, కొత్త సినిమా మొదటి ఆటకి వచ్చినట్టు నోట్లో వేళ్లు పెట్టుకుని ఈలలు. కాగితాలు చింపి ఎగరేయడం. మైకులో మాట్లాడేవాడికి భలే నచ్చింది. మా బావగారికి తేలు కుట్టినట్టయింది. లేచి ఆ వరస ముందు నిలబడ్డారు.

"ఆపండి! ఇది ఆటస్థలమా, నేల టికెట్టా? ఈల ఊదే హక్కు ఇక్కడ చారల చొక్కా వేసుకున్న ముగ్గురికే ఉంది. మీరు ఊదితే ఆడేవాడు ఏ ఈల వినాలి?"

"సార్, ఎంకరేజ్ చేస్తున్నం సార్."

"చప్పట్లు కొట్టు. చేతులిచ్చింది అందుకే."

వాళ్లు నవ్వారు. కానీ ఆపారు. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని ఎండలో నిలబెట్టిన గొంతు అది. రెండో ఆటకి ఆయన ఇంకో రూలు పెట్టారు. ఫ్రీ త్రో అంటే తెలుసు కదా, తప్పు జరిగితే ఒకణ్ణి గీత దగ్గర ఒంటరిగా నిలబెట్టి బుట్టలోకి వేయమంటారు. అవతలి జట్టువాడు వేస్తుంటే ఎరీనా అంతా అరుస్తుంది, వాడి గురి తప్పాలని. మా వరస మాత్రం నోరు మూసుకోవాలి. "వాడు ఒంటరిగా నిలబడ్డాడు. ఒంటరిగా నిలబడ్డవాడి మీద అరవకూడదు. మనవాడైనా, పగవాడైనా." పిల్లలు మొదట వేళాకోళం చేశారు. నేను వాళ్లకంటే ఎక్కువ చేశాను. జూన్ నెల సగమయ్యేసరికి ముప్పైమంది కాస్తా డెబ్బైమంది అయ్యారు. అవతలివాడు గీత దగ్గర నిలబడితే డెబ్బైమంది ఊపిరి బిగబట్టేవాళ్లు. చుట్టూ అంతా గోల, ఒక్క మా మూల బడి ప్రార్థనలా ఉండేది. ఒకసారి అవతలి జట్టులో గుండువాడొకడు రెండు బంతులూ బుట్టలో వేసి, వెనక్కి పోతూ మా వరస వైపు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. మా బావగారు తల ఊపారు, హెడ్‌మాస్టరు సంతకం పెట్టినట్టు.

ఆ లీగులో ఒక వింత రూలు ఉంది. నాలుగో భాగం చివర్లో గడియారం ఆపేస్తారు. ముందున్న జట్టు స్కోరుకి తొమ్మిది కలిపి ఒక అంకె బోర్డు మీద వేస్తారు. ఆ అంకె ఎవరు ముందు అందుకుంటే వాళ్లదే ఆట. ఇంక టైముతో పని లేదు. ఈ రూలు చూసి మా బావగారు మొదట మండిపడ్డారు. "గడియారం లేని ఆట ఏంటి!" అని. పది రోజుల్లో దానికే దాసుడైపోయారు. "చూశారా బావగారూ, ఇందులో టైమ్ అయిపోయి ఓడేవాడు ఉండడు. ఆఖరి బంతి బుట్టలో పడితేనే ఆట అయిపోతుంది." నాకు ఈ రూలు ఆయన కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటారు. నేను ఇరవై సార్లూ పాప్‌కార్న్ నములుతూ "ఆహా" అన్నాను.

మొదటి అయిదు ఆటలూ ఓడిన జట్టు, పిల్లల సందడికి గెలవడం మొదలెట్టింది. గెలవడం మొదలెట్టగానే టికెట్లు కొనుక్కునేవాళ్లు వచ్చారు. వాళ్లు రాగానే మమ్మల్ని లేపి పై మూలకి పంపారు, ఆడేవాళ్లు చీమల్లా కనపడే చోటికి. మా బావగారు ఎరీనా మేనేజర్ దగ్గరికి వెళ్లారు. "సర్. యువర్ బ్యాడ్ డేస్, దే కేమ్. గుడ్ డేస్, యూ సెండ్ అప్?" ఆ మేనేజర్ పళ్లన్నీ చూపించి, "థ్యాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్" అన్నాడు. ఆ పళ్లు ఇప్పటికీ తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అదే వారం మన గ్రూపులో ఒక పెద్దమనిషి, పేరు రాయను, ఆయనకి తెలుసు, "ఈ కొత్త స్టూడెంట్స్ వల్ల మనకి ఇన్నేళ్ల గౌరవం పోతోంది" అని రాశారు. అయ్యా, మీరు వచ్చిన కొత్తల్లో ఎంతమంది కలిసి ఒక గదిలో ఉన్నారో మీరే పోయిన ఉగాదికి స్టేజీ మీద చెప్పి నవ్వించారు. మీరు ఉంటే కష్టపడి పైకొచ్చిన కథ, వాళ్లు ఉంటే గౌరవభంగమా?

జూలై చివరి ఆదివారం, మధ్యాహ్నం ఆట. అది గెలిస్తే ప్లేఆఫ్స్‌కి వెళ్తాం, అంటే కప్పు కోసం ఆడే పైమెట్టు ఆటలకి. కొత్త జట్టు, మొదటి ఏడే వెళ్లడమంటే మాటలా! ఆఖరికి గడియారం ఆపేశారు. మాకు రెండు పాయింట్లు కావాలి, వాళ్లకి మూడు. ఎరీనా అంతా లేచి నిలబడింది. నేను పొట్టివాణ్ణి. నాకు ముందువాళ్ల వీపులు, వాటి పైన గోడ మీద ఆగిన గడియారం, అంతే కనిపిస్తున్నాయి. పక్కనే మా బావగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. విజిల్ లోపలుంది.

అప్పుడు విజిల్ మోగింది.

రిఫరీలది కాదు. మా మూల నుంచి.

మిగతాది నేను చూడలేదు, పిల్లలు చెప్పారు. మన జట్టు పొడుగు కుర్రాడు బంతి లాక్కుని ఒక్కడే బుట్ట వైపు పరిగెడుతున్నాడట. అడ్డం ఎవరూ లేరు. విజిల్ వినగానే, క్రమశిక్షణ ఉన్నవాడు పాపం, ఆగిపోయాడు. రిఫరీలు ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆట మళ్లీ మొదలెట్టారు. ఈసారి బంతి చేజారింది. అవతలి గుండువాడు దూరం నుంచి వేశాడు, మూడు పాయింట్లు. అయిపోయింది.

ఎరీనా అంతా మా మూలకి తిరిగింది. ఎవడో "గో హోమ్!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు మెట్లెక్కి వచ్చి, వరస మొత్తం బయటికి నడవమన్నారు. ఇంక కాలేజీ టికెట్లు ఎవరికీ ఉండవన్నారు. వాళ్ల వెనకాలే వరంగల్ అమ్మాయి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది.

"తాతా, ఎవరు ఊదిన్రు? మా మేనేజర్ నన్ను పట్టుకుని 'యువర్ పీపుల్' అంటున్నడు. పేర్లు చెప్పు, లేకపోతే రేపటి నుంచి రావద్దంటున్నడు. చెప్పు తాతా!"

నేను పాప్‌కార్న్ సంచీలోకి చూస్తున్నాను. డెబ్బైమంది పిల్లలు ఒకళ్ల వంక ఒకళ్లు చూసుకుంటున్నారు. మా బావగారు ఒక్కసారి అందర్నీ చూశారు, ప్రేయర్‌లో లైను చూసినట్టు, ఆ చివర నుంచి ఈ చివరకి. ఈ చివరన ఉన్నది నేను. నా మీద చూపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెడ దగ్గర గుండీ విప్పి, తాడు లాగి, స్టీలు విజిల్ బయటికి తీశారు.

"మిస్టర్. స్టూడెంట్స్, నో విజిల్. విజిల్ ఈజ్ హియర్. ఐ యామ్ ద విజిల్ మ్యాన్."

"సార్, మీరు కాదు సార్!" అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు.

"నోర్ముయ్. లైన్‌లో నిలబడు."

సెక్యూరిటీవాడు మోచెయ్యి పట్టుకోబోయాడు. "డోంట్ టచ్. ఐ నో మార్చింగ్," అని, ఆ మెట్లు ఒక్కొక్కటీ లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ దిగారు. చుట్టూ రెండు వేలమంది అరుస్తున్నారు. ఒంటరిగా నడిచేవాడి మీద. మా డెబ్బైమందీ నోరు మూసుకుని నిలబడ్డారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

సీజన్ అయ్యేవరకు ఎరీనాలో అడుగు పెట్టకూడదని ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పిల్లల టికెట్లు పోలేదు. అమ్మాయి పని పోలేదు. బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బస్సు సగం దూరం వచ్చాక ఆయన నా వైపు చెయ్యి చాపారు. నేను సంచీలోంచి గుప్పెడు పాప్‌కార్న్ తీసి అరచేతిలో పెట్టాను. దాన్ని చూశారు. నన్ను చూశారు. తిన్నారు.

"ఉప్పెక్కువైంది," అన్నారు.

తర్వాత మీ గ్రూపు సంగతి. ఫోటోలు తీసి పెట్టారు, ఆ మెట్లు దిగుతున్నప్పటివి. ఆగస్టు పిక్నిక్‌లో పిల్లల పరుగుపందేలు ఏటా ఆయనే నడిపేవారు. సున్నంతో గీతలు గీసి, ఒక్కొక్క పిల్లకీ భుజం సర్ది. ఆ ఏడు ప్రెసిడెంటు గారు మా అల్లుడికి ఫోన్ చేసి, "అంకుల్‌కి ఈసారి రెస్ట్ ఇద్దాం" అన్నారు. ఆయన పిక్నిక్‌కి వచ్చి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ కూర్చున్నారు. అక్కడ గీతలు వంకరగా గీశారు. ఆయన ఒక్కసారి చూసి తల తిప్పుకున్నారు. చేతుల్లో పొత్తు మాత్రం నుజ్జయింది. ఆయన పక్కనే కూర్చున్న నేను కూడా ఏమీ మాట్లాడలేదు. ఈ కాగితంలో నా తప్పులు కూడా రాసుకోండి, మీవి మాత్రమే ఎందుకు?

ఆఖరి ఆట ఒకటి మిగిలింది. అది గెలిచినా ప్లేఆఫ్స్‌కి వెళ్లేది లేదు, ఒక్క గెలుపు తక్కువైంది. ఆ ఒక్కటి ఏదో అందరికీ తెలుసు. ఆయన తెల్ల బూట్లకి పాలిష్ పెట్టుకుని నాతో బస్సెక్కారు. ఎరీనా అద్దాల తలుపుల దాకా వచ్చి, కాలిబాట మీద ఆగిపోయారు.

"మీరు లోపలికి వెళ్లండి బావగారూ. వచ్చి చెప్పండి."

వెళ్లాను. ఆట గెలిచాం. బయటికొచ్చి చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"అవతలివాళ్లకి పదకొండు ఫ్రీ త్రోలు వచ్చాయి కదూ?"

"మీకెలా తెలుసు?"

"తలుపు తీసినప్పుడల్లా గోల వినిపిస్తుంది. ఆ గోలలో మన మూల ఉంటే ఒకలా ఉంటుంది, లేకపోతే ఒకలా ఉంటుంది. మన మూల ఆగినప్పుడల్లా లెక్కపెట్టుకున్నాను."

రెండు గంటలు కాలిబాట మీద నిలబడి ఆయన విన్నది గోల కాదు, ఆ గోలలో మన పిల్లల నిశ్శబ్దం. అది ఆయన నేర్పింది. అది చెప్పకుండా శాంతమూర్తి అని దండ వేస్తారా?

చలికాలం వచ్చేసరికి ఆ జట్టుని ఇంకో ఊరికి తరలించేశారు. మనకి ఆ ఒక్క సీజనే మిగిలింది. వరంగల్ అమ్మాయి చదువు అయిపోయి దేశం ఆ చివర సర్రీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఆయన కాళ్లకి దండం పెడితే, "బూట్ల లేసు ఊడింది, కట్టుకో" అన్నారు. ఆయనకి కడుపులో జబ్బు అప్పటికే ముదిరిందట. ఎప్పటి నుంచో నొప్పి ఉన్నా ఎవరికీ చెప్పలేదు. దాని మీద కూడా నాకు కోపమే. పక్క మంచం మీద పడుకున్నవాడికి చెప్పరా?

ఆసుపత్రిలో గోడ గడియారం ఆయన మంచానికి ఎదురుగా ఉండేది. నేను మాటిమాటికీ దాని వంక చూస్తుంటే ఆయనకి చికాకు.

"దాన్నెందుకు చూస్తారు బావగారూ? ఇప్పుడు గడియారం ఆపేశారు. ఆఖరి బంతి పడేదాకా ఆటే."

పోయే ముందు రోజు మధ్యాహ్నం ధైర్యం చేశాను. గదిలో ఎవరూ లేరు. నర్సు అప్పుడే వెళ్లింది.

"బావగారూ, ఆ జూలై ఆట రోజు..."

ఆయన కళ్లు తెరవకుండానే చూపుడు వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

"ఫ్రీ త్రో. మాట్లాడకండి."

మర్నాడు పొద్దున నన్ను కాఫీకి పంపారు.

ఆయన వస్తువులు ఆసుపత్రివాళ్లు ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చారు. అల్లుడు చూడలేనన్నాడు, నేనే విప్పాను. కళ్లజోడు, పళ్లసెట్టు, మడత నలగని చేతిరుమాలు, నల్ల తాడు. తాడుకి స్టీలు విజిల్ ఉంది. దాని పక్కనే ఇంకో విజిల్ కట్టి ఉంది. నారింజ రంగు ప్లాస్టిక్‌ది, చిన్నపిల్లలది.

అది నాది.

ఆ జూలై ఆటకి ముందు రోజు డాలర్ షాపులో కొన్నాను. ప్రాణం పోయినా ఊదనన్నారు కదా, ఆ మనిషి పక్కన నిలబడి ఒక్కసారి ఊదితే డెబ్బైమందీ తిరిగి ఆయన మెడ వంక చూస్తారు. ఆయన మొహం ఎర్రగా కందిపోతుంది. ఇంటికొచ్చి వారం రోజులు నవ్వుకోవచ్చు. అంతే నేను అనుకున్నది. ఆట ఆగినప్పుడే ఊదాలని కూడా అనుకున్నాను, అంత బుద్ధి ఉంది నాకు. ముందువాళ్ల వీపుల మీంచి గడియారం చూశాను. ఆగి ఉంది. ఆట ఆగిందనుకున్నాను. ఇరవై సార్లు చెప్పారు ఆయన, ఆ టైములో గడియారం ఆగినా ఆట ఆగదని. పాప్‌కార్న్ సంచీలో మొహం పెట్టి ఊదాను. తర్వాత విజిల్‌ని ఆ పాప్‌కార్న్ అడుగునే దాచాను. బస్సులో ఆయన చెయ్యి చాపింది దాని కోసం. ఇంటికొచ్చాక ఫర్నేస్ వెనక పెట్టాను. వారానికి చూస్తే లేదు. అమ్మాయి ఊడ్చి పారేసిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కాబట్టి ప్రెసిడెంటు గారూ, పెద్దలారా, ఆ ఫోటోల కింద పేరు మార్చుకోండి. జట్టుని ఓడగొట్టింది, పరువు తీసింది, ఫర్నేస్ పక్క మంచంవాడు. ఆగస్టు పిక్నిక్‌లో పొత్తులు ఒలవడానికి నేనొస్తాను. గీతలు మాత్రం తిన్నగా గీయండి.

తాడు ఇప్పుడు కిటికీ పక్క మంచం కోడుకి వేలాడుతోంది. ఫర్నేస్ గాలి వచ్చినప్పుడల్లా స్టీలుదీ ప్లాస్టిక్‌దీ ఒకదానికొకటి తగిలి చిన్నగా టక్కుమంటాయి. పొద్దున అయిదున్నరకి లేచి రెండు దుప్పట్లూ మడిచి, వాటి ఎదురుగా కాసేపు నోరు మూసుకుని కూర్చుంటున్నాను. విజిల్ ఊదింది నేనే బావగారూ. ఇప్పుడైనా చెప్పనివ్వండి.